వేలిముద్ర మనిషి రిజిస్టరు

తమక, కోలారు.
శనివారం.

తమ్ముడు నారాయణప్పకు అన్న మునెప్ప రాసినది. రాయించినది కాదు, నా చేత్తో నేనే రాసినది.

“మా అన్న వేలిముద్ర మనిషి సార్. కాగితంలో ఏముండాదో చదవలేడు. లోపలికి దింపితే బోర్డు చదవలేక చస్తాడు.”

ఇది నీ మాట. కేజీఎఫ్ బంగారు మైనులో టైమాఫీసు కిటికీ దగ్గర గుమాస్తాతో నువ్వు అన్న మాట. నలభై ఏళ్ళు దాటింది. అన్నవాడివి కాబట్టి నువ్వు మరిచిపోయి ఉంటావు. నేను మరవలేదు. ముద్ద మింగేటప్పుడు గుర్తుంది, మడకకు ఎద్దుల్ని కట్టేటప్పుడు గుర్తుంది, నా పెళ్ళాం పోయిన రోజున కూడా గుర్తుంది. క్షేమం ముందు అడిగితే మాట మెత్తబడిపోతుందని దీన్ని ముందు రాశాను.

ఇప్పుడు క్షేమం అడుగుతున్నాను. నేను ఇక్కడ దేవుడి దయవల్ల బాగున్నాను. నువ్వు, మరదలు, కొడుకు, కోడలు సరోజ అందరూ బాగున్నారని తలుస్తాను. మరదలి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మేనత్త ఎల్లమ్మకు కళ్ళు కనిపిస్తున్నాయా? ఎర్రావు ఈనిందా? ఈనితే పెయ్యదూడా, కోడెదూడా? ఇవన్నీ నిజంగానే అడుగుతున్నాను. నీ మీద ఉన్న కోపం ఆవు మీద లేదు.

అమ్మా సరోజా, ఈ ఉత్తరం చదువుతున్నది నువ్వేనని నాకు తెలుసు. మీ మామ ముళబాగిలు బడిలో కన్నడం చదివాడు, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నీ మొగుడూ అంతే. ఆ ఇంట్లో తెలుగు చదివేది పుంగనూరు నుంచి వచ్చిన నువ్వొక్కదానివే. అందుకే తెలుగులో రాశాను. మీ మామ కూర్చుని వినాలి. నువ్వు గట్టిగా చదవాలి. మీ అత్త పక్కన ఉండాలి. కాగితంలో ఏముందో తెలియక ఇంకొకరి నోటి వైపు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయన ఒక్క పూట అనుభవించాలి. నడుమ ఆపకు. నీ కొడుకు తేజ పేరు కూడా వస్తుంది. వచ్చినచోట గొంతు తగ్గించకు. వాడి తప్పు చిన్నది.

నారాయణా, నేను ఊరు వదిలి పది నెలలైంది. అన్నకు మతి తప్పి పోయాడని బైరకూరంతా చెప్పావని విన్నాను. మతి సరిగ్గానే ఉంది. నీ పట్టు రీలింగు యూనిట్‌లో దారం తీసే కొత్త మిషన్‌కు పూజ చేసిన రోజు గుర్తు తెచ్చుకో. పట్టు ఆఫీసరు వచ్చాడు. వచ్చినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం ఒకటి తెచ్చి ఊరి పెద్దలందరికీ వరసగా చూపించాడు. నా దగ్గరికి వచ్చి మర్యాదగా పెన్ను ఇచ్చాడు. నేను నోరు తెరిచేలోపల నువ్వు పందిరంతా వినపడేలా అన్నావు: “ఆయనకి పెన్ను యాల సార్? ఇంకు డబ్బా ఇయ్యండి!” అందరూ నవ్వారు. ఆఫీసరు ఒక్కడే పాపం తల దించుకున్నాడు. నా చేతిలో లడ్డు ఉంది. దాన్ని తీసుకుపోయి నీ ఎర్రావుకు పెట్టి, మరుసటి రోజు పొద్దున్నే కోలారు బస్సు ఎక్కాను. మతి తప్పినవాడు బస్సుకు సరిగ్గా చిల్లర ఇస్తాడా?

ఇక్కడ తమకలో కాలేజీ పిల్లల సంఘం ఒక ఇల్లు బాడుగకు తీసుకుంది. వేరే దేశాల నుంచి పని నేర్చుకోవడానికి వచ్చే చదువుకునే పిల్లలు ఇందులో ఉంటారు. నాకు కావలి పని, వంట పని రెండూ. గేటు పక్కన గది ఇచ్చారు. కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. చలి ఈ ఏడు ఎముకల్లోకి దిగుతోంది. చుట్టూ చిన్న చిన్న ఫ్యాక్టరీలు, ఇనుము కోసే శబ్దం. ఆదివారం మధ్యాహ్నం ఆ శబ్దం ఆగిపోతుంది, పిల్లలు ఊళ్ళు తిరగడానికి పోతారు. అప్పుడు ఒక్కడినే గేటు దగ్గర కూర్చుంటాను. ఆ రెండు మూడు గంటలు మాత్రం మన ఊరు గుర్తొస్తుంది. నువ్వు కాదు, ఊరు. తక్కిన రోజులు బాగానే ఉంటాయి. దిగులు పడాల్సిన పని లేదని మరదలికి చెప్పు.

అనపగింజల కాయలు బాగా వచ్చాయి ఇక్కడి సంతకు. పోయిన వారం పోలండు దేశం పిల్ల ఒకతి నా పక్కన కూర్చుని నానబెట్టిన గింజలు పితికింది. ఒక్కొక్క గింజ ఎగిరి గోడకు తగిలేది, గోడకు తగిలినదానికల్లా చప్పట్లు కొట్టేది. పితికిపప్పు కూర చేసి రాగిముద్ద పెడితే, ఆ పిల్ల ముద్దను అరగంట నమిలింది. “నమలకూడదమ్మా, మింగాల” అని నోరు తెరిచి చూపించాను. మింగి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మళ్ళీ పెట్టమంది. ఇక్కడి కొట్టులో రాగిపిండి మన చేనుదిలా ఉండదు. మన చేను రాగులు ఆడించి నాలుగు పడులు పంపు. నా నల్ల కంబళి కూడా పంపు. అది నీ కొట్టంలో పట్టుగూళ్ళ తట్టల మీద కప్పి ఉంటుంది, నాకు తెలుసు.

ఈ పిల్లల పని ఏమిటో నువ్వు వినాలి. నువ్వు చేసిన పాడుపని అందులోనే ఉంది.

వేరే దేశం పిల్లలు ఇక్కడికి వచ్చి మన ఫ్యాక్టరీల్లో రెండు మూడు నెలలు పని నేర్చుకుంటారు. మన పిల్లలు వాళ్ళ దేశం పోయి నేర్చుకుంటారు. ఎక్స్చేంజి అంటారు. దీనికి ఒకటే కట్టుబాటు. ఇక్కడ ఒకరికి పనిచోటు చూపిస్తేనే అక్కడ మనవాళ్ళకు ఒక చోటు వస్తుంది. ఇది నాకు ఎవరూ రెండోసారి చెప్పాల్సిన అవసరం పడలేదు. మైనులోనూ అంతే కదా, ఒకరు బయటికి వస్తేనే ఇంకొకరు లోపలికి.

మరి అక్కడ దొరికిన చోటు ఎవరికి? ఇక్కడ యజమాని దగ్గరికి తిరిగి, ఒప్పించి, ఫారం మీద సంతకం పెట్టించినవాళ్ళకు. కాళ్ళు అరిగినవాళ్ళే ముందు పోతారు. అందుకని ఫారంలో ఒక గడి ఉంటుంది: అడగడానికి వచ్చిన విద్యార్థి పేరు, వచ్చిన రోజులు. దాన్ని యజమాని తన చేత్తో నింపాలి. ఆ గడి గుర్తు పెట్టుకో.

ఇక్కడికి వచ్చేవాళ్ళ పనంతా చూసేది చైత్ర అనే పిల్ల. పలమనేరు పిల్ల, ఇక్కడ మిషన్ల ఇంజనీరింగు చదువుతుంది. వాళ్ళ నాయన హైవే మీద లారీ తోలుతాడు. వచ్చేవాళ్ళను విమానం దగ్గరికి పోయి తీసుకురావడం, పోలీసు ఆఫీసులో పేరు రాయించడం, కడుపునొప్పి వస్తే డాక్టరు, యజమానికీ వాళ్ళకూ గలాటా వస్తే సర్దడం, అంతా ఆ పిల్లే. పోలీసు ఆఫీసుకు నేను తోడు పోతాను. ఒకసారి ఒక పాల డెయిరీ యజమాని వచ్చిన పిల్లకు ఏ పనీ ఇవ్వకుండా, వచ్చిపోయేవాళ్ళందరి పక్కన నిలబెట్టి ఫోటోలు తీయిస్తున్నాడని తెలిసింది. చైత్ర అక్కడికి పోయి ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

“ఆయమ్మ బొమ్మ కాదు సార్. పాలు పరీక్ష చేసేది నేర్చుకునే దానికి వచ్చింది. మీరు పని చూపించేదాకా నేను ఈడనే ఉంటాను.”

“నువ్వెవరమ్మా నాకు చెప్పేదానికి?”

“ఫారంలో మీ చేత సంతకం పెట్టించింది నేనే కదా సార్.”

ఆయన మరుసటి రోజు నుంచి పని చూపించాడు. అలాంటి పిల్ల.

నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ పిల్లే. ఇంటికి ఒక రిజిస్టరు ఉంది. ఎవరు ఎప్పుడు బయటికి పోయారు, ఎక్కడికి, ఎప్పుడు వచ్చారు, ఇంటికి బయటివాళ్ళు ఎవరు వచ్చారు, అన్నీ రాయాలి. రాయడం రాదని నేను చెప్పలేదు. గొడుగులా సన్నగా పొడుగ్గా ఉన్నవాడికి గొడుగు గీశాను, కళ్ళద్దాలమ్మకు రెండు సున్నాలు. నెల చివర చైత్ర రిజిస్టరు తెరిచింది.

“తాతా, ఈ గొడుగు ఎవరు?”

“జర్మనీ వాడు.”

“ఈ కోడి?”

“పొద్దున్నే లేచి అందర్నీ లేపేదానివి, నువ్వే.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మరుసటి రోజు ఒక పలక తెచ్చింది. కన్నడం నేర్పాలా, తెలుగు నేర్పాలా అంటే, మన ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా అన్నాను. సంఘానికి పెద్దగా ఉన్న మేష్టరుకు తెలుగు చదవడం వస్తుంది, కాబట్టి రిజిస్టరుకు అదీ సరిపోతుంది. డెబ్భై దాటినవాడిని, వేళ్ళు వంగవు. నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు రిజిస్టరంతా నాదే. పోయేవాళ్ళ ఊరు, గంట, ఎవరితో పోయారు, వచ్చి ఏం తిన్నారు, అన్నీ రాస్తాను. ఏం తిన్నారో రాయమని ఎవరూ చెప్పలేదు. రాయడం వచ్చినవాడికి చెయ్యి ఆగదు.

ఇప్పుడు అసలు మాట.

ఇటలీ దేశంలో పట్టు మిషన్లు చేసే చోట మన పిల్లల్లో ఒకరికి చోటు ఉంది. బదులుగా పట్టు చదువు చదివే అక్కడి పిల్లకు ఇక్కడ ఒక రీలింగు యూనిట్ చూపించాలి. చైత్ర ముళబాగిలు తాలూకా అంతా తిరిగింది. ఎవరూ ఒప్పుకోలేదు. ఒకరోజు గేటు దగ్గర మెట్టు మీద చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటూ కూర్చుంది. నేను చూడలేకపోయాను. నీ పేరు నా నోటితో పలకనని ఒట్టు పెట్టుకున్నవాడిని, ఆ పూట పలికాను.

“బైరకూరులో నారాయణప్ప అని ఉండాడు. కొత్త మిషన్ ఉండాది. పో. నా పేరు మాత్రం చెప్పొద్దు.”

“ఎవరు తాతా ఆయన?”

“మా తమ్ముడు.”

ఆ పిల్ల ఊరి పేరు కాగితం మీద రాసుకుంది. మూడుసార్లు నీ దగ్గరికి వచ్చింది. మొదటిసారి తిరిగొచ్చి చెప్పింది.

“నీళ్ళు కూడా ఇయ్యలేదు తాతా. ‘తెల్లమ్మాయిని తెచ్చి నా గూళ్ళ కంపులో పెడతావా? ముక్కు మూసుకుని పారిపోతాది’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“‘ఆయమ్మ చదివేదే పట్టు సార్, ఆ కంపు కోసమే వస్తా ఉండాది’ అన్నాను.”

రెండోసారి నువ్వు రెండు గంటలు ఊరికే కూర్చోబెట్టావు. ఆ పిల్ల ఊరికే కూర్చోలేదు. నీ దగ్గర పనిచేసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని చెడ్డ గూళ్ళు ఏరింది. మూడోసారి నువ్వే కాఫీ తెప్పించావు. ఫారం నింపావు. గడిలో చైత్ర పేరు, వచ్చిన మూడు రోజులు నీ చేత్తో రాశావు. స్టాంపు కొడుకు దగ్గర ముళబాగిలులో ఉంది, సోమవారం మనవడు తేజ చేత కాలేజీకి పంపిస్తానన్నావు. వాడూ ఆ కాలేజీ, ఆ సంఘం పిల్లోడే కదా. ఆ రోజు ఆ పిల్ల ఎగురుకుంటూ వచ్చింది. “మీ తమ్ముడు మంచోడే తాతా, ఊరికే కోపం పెట్టుకున్నావు” అంది. నేను నమ్మాను. అది కూడా నీ లెక్కలో రాసుకుంటున్నాను. ఒక్క పూట నేను నిన్ను నమ్మాను.

సోమవారం తేజ కవరు తెచ్చాడు. చైత్ర పేరు మీద తెల్ల ఇంకు. దాని మీద తేజ పేరు.

మేష్టరు ఏం చేస్తాడు? యజమాని చేతిరాత, యజమాని స్టాంపు. “ఆయన మళ్ళీ రాసి సరిచేస్తే తప్ప నేను మార్చలేనమ్మా. వచ్చే శుక్రవారం సాయంత్రం పేర్లు పంపేస్తాము” అన్నాడు. చైత్ర ఏడవలేదు. పోలండు పిల్ల పోలీసు కాగితాలు సర్దుతూ ఉంది. వాటిని సర్దడం ఆపకుండానే అంది.

“ఫోన్ చేస్తావా తాతా ఆయనకి?”

“ఫోన్‌లో అయితే ఆ ఆ అని పెట్టేస్తాడు. రాస్తాను.”

రెండు రోజుల తర్వాత తేజ వచ్చాడు. వాడు కేరం ఆడటానికి ఈ ఇంటికి వస్తూనే ఉంటాడు. ఆ రోజు లోపలికి రాలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు. సరోజా, ఇది కూడా గట్టిగా చదువు.

“పెద్దతాతా, నేను రాయలేదు.”

“మరి ఎవరు?”

“తాత. తెల్ల ఇంకు కూడా తాతే పూసినాడు. నన్ను ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టమన్నాడు.”

“ఆరబెట్టినావు.”

“ఆరబెట్టినాను.”

“నోట్లో ఏం పెట్టుకుని ఉండావు అప్పుడు?”

“‘మన యూనిట్, మన సంతకం, మన పిల్లోడు పోకుండా లారీవాడి కూతురు పోతాదా’ అన్నాడు తాత. నాకు నోరు రాలేదు పెద్దతాతా.”

వాడి చెంప పగలగొడదామని లేచినవాడిని, ఆ చివరి మాటకు మళ్ళీ కూర్చున్నాను. నారాయణా, టైమాఫీసు కిటికీ దగ్గర నాకూ నోరు రాలేదు.

ఆ రోజు సంగతి నీ కోడలు ఎప్పుడూ విని ఉండదు. మరదలు కూడా నీ వైపు నుంచే విని ఉంటుంది. ఇప్పుడు నా వైపు వినండి. నాయనకు మైను దుమ్ము ఊపిరితిత్తుల్లో నిండిపోయింది. ఏడు నెలలు మైనువాళ్ళు ఇచ్చిన లైను ఇంట్లో ఆయన దగ్గర ఉన్నది నేను. ఆయన కఫం ఉమ్మిన కుండ కడిగింది నేను. వీపు మీద ఎత్తుకుని ఆస్పత్రికి మోసింది నేను. నువ్వు పండక్కి వచ్చి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడి పోయేవాడివి. నాయనకు బదులు ఒక కొడుక్కి ఉద్యోగం ఇస్తాము, సోమవారం తీసుకురండి అని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. “మునెప్పా, నువ్వు పో” అన్నాడు. ఆదివారం సాయంత్రం నువ్వు బస్సు దిగావు. ఎవరు పిలిచారో నాకు ఈనాటికీ తెలియదు.

సోమవారం పొద్దున నాయనకు ఊపిరి అందలేదు. మందు కోసం ముందు ఆస్పత్రి వరసలో నిలబడ్డాను. సీసా తీసుకుని ఆఫీసు దగ్గరికి పరిగెత్తితే కిటికీ దగ్గర నువ్వున్నావు. గుమాస్తా అడుగుతున్నాడు: “ఏంపా, పెద్దోడు యాడ?” అప్పుడే నువ్వు ఆ మాట అన్నావు. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నువ్వు తిరిగి చూశావు. నేను వచ్చానని తెలిసి కూడా సంతకం పెట్టావు. సీసా నా చేతిలో ఉంది. దాన్ని పగలగొట్టలేను, నాయన మందు అది. ఆ సీసా లేకపోతే ఆ రోజు నీ తల పగిలేది.

మైను మూసేదాకా నువ్వు ఆ ఉద్యోగం చేశావు. ఆ తర్వాత యూనిట్ పెట్టావు. నేను రాగి చేను దున్నాను, పట్టుపురుగులు పెంచాను, గూళ్ళు తెచ్చి నీ గుమ్మంలోనే దించాను. నేను నోరెత్తలేదు. నాయన పోయాడు, ఇంక ఎవరికి చెప్పాలి? కానీ ఇప్పుడు నువ్వు అదే పని ఇంకొకసారి చేశావు. తిరిగింది ఒకరు, పేరు ఇంకొకరిది. ఈసారి నీకు తెలియనిది ఒకటుంది. ఈసారి గేటు దగ్గర నిలబడినవాడికి రాయడం వచ్చు.

నువ్వు పేరు మార్చావు, తేదీలు మార్చలేదు. చైత్ర వచ్చిన మూడు రోజులే ఫారంలో ఉన్నాయి. ఆ మూడు రోజులూ నా రిజిస్టరులో ఉన్నాయి. మొదటి రోజు: “చైత్ర, బైరకూరు, పొద్దున ఏడు. తేజ, కేరం, రాగిముద్ద రెండు.” రెండో రోజు: “చైత్ర, బైరకూరు, పొద్దున ఏడున్నర. తేజ, కేరం, ఓడిపోయి కోపంగా పోయినాడు.” మూడో రోజు: “చైత్ర, బైరకూరు. తేజ, జ్వరం, పై గదిలో పడుకున్నాడు, గంజి.” పై గదిలో గంజి తాగుతున్నవాడు బైరకూరులో నీ ఎదురుగా ఎలా కూర్చున్నాడు నారాయణా? చదువుకున్నవాడివి, చెప్పు.

రిజిస్టరు మేష్టరు ముందు తెరిస్తే చైత్ర చోటు చైత్రకు వచ్చేస్తుంది. అందుకు నాకు నీ అవసరం లేదు. కానీ దొంగ కాగితం తెచ్చినవాడిని సంఘం నుంచి తీసేస్తారు. వాళ్ళ కట్టుబాటు అది, అడిగి తెలుసుకున్నాను. కాలేజీకి చెప్తారు. వాడు ఇంక ఏ దేశానికీ పోలేడు. ఫారం తెచ్చిన చెయ్యి తేజది, పూసిన చెయ్యి నీది. పోయేది మాత్రం తేజ. అందుకే ఇంకా తెరవలేదు. రిజిస్టరు నా దిండు కింద ఉంది. ఈ సంగతి చైత్రకు కూడా చెప్పలేదు.

అమ్మా సరోజా, నీ కొడుకు చెడ్డవాడు కాదు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఇందులో ఏముందో చెప్పే ఇచ్చాను. నడుమ పారేయకుండా నీ చేతిలో పెట్టాడంటే సగం తప్పు కడుక్కున్నట్టే. మిగతా సగం మీ మామ కడగాలి.

నారాయణా, ఇక నువ్వు చెయ్యాల్సింది విను. వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలలోపల నువ్వు తమకకు రావాలి. కొడుకును పంపకూడదు, ఫోన్ చేయకూడదు, నువ్వే రావాలి. స్టాంపు తేవాలి. మేష్టరు కొత్త ఫారం ఇస్తాడు. అడగడానికి వచ్చిన విద్యార్థి పేరు చైత్ర అని నీ చేత్తో రాసి, పాతది పొరపాటున రాశానని కింద రాసి సంతకం పెట్టాలి. పొరపాటు కాదని నీకూ నాకూ తెలుసు. మేష్టరుకు తెలియనక్కర్లేదు, తేజ కోసం. వచ్చే ఏడు తేజ తన కాళ్ళతో తానే తిరిగి ఒక ఫారం తెస్తాడు. ఏ యజమాని నీళ్ళు కూడా ఇవ్వడో ఆ ఇళ్ళన్నీ నేను వాడికి చెప్తాను, ముందు అక్కడికే పొమ్మంటాను.

ఆ సంతకం వాళ్ళకు. నాకు ఇంకొకటి కావాలి.

ఈ ఇంటికి వచ్చేవాళ్ళు నా రిజిస్టరులో పేరు రాయాలి. పోలండు పిల్ల కూడా తన పేరు తెలుగులో రాస్తుంది, నేను నేర్పాను. తెలుగు రానివాళ్ళకు ఏం చేయాలని ఇంతవరకూ కట్టుబాటు లేదు, ఎందుకంటే అవసరం పడలేదు. ఇప్పుడు ఒకటి పెట్టాను. తెలుగు రాయడం రానివాడు వేలిముద్ర వేయాలి. నీకు తెలుగు రాదు. కోలారు బజారులో ఇంకు డబ్బా కొన్నాను, నీలం రంగుది. మూత ఇంకా తీయలేదు. గేటు దగ్గర, అందరి ముందు, పైనుంచి పిల్లలు చూస్తుండగా నువ్వు ఎడమచేతి బొటనవేలు నొక్కాలి. దాని పక్కన సాక్షి సంతకం నాది. ఎవరూ నవ్వకుండా చూసుకుంటాను. ఆ మర్యాద నువ్వు నాకు ఇవ్వలేదు, నేను నీకు ఇస్తాను.

ఆ తర్వాత లోపల భోజనం చేసి పో. పితికిపప్పు కూర చేస్తాను. నీకు కారం ఎక్కువ కావాలని మరవలేదు.

శుక్రవారం నాలుగు దాటి ఒక్క నిమిషమైతే మేష్టరు ముందు రిజిస్టరు తెరుస్తాను. దానికి నువ్వు నన్ను అడగొద్దు, మరదలితో ఫోన్ చేయించొద్దు, ఎల్లమ్మత్తతో ఏడిపించొద్దు. వస్తావా రావా, ఆ ఒక్క మాట మంగళవారం కాలేజీకి వచ్చే తేజ చేత పంపు. నోటి మాట వద్దు. కన్నడంలోనైనా సరే, కాగితం మీద రాసి పంపు. చైత్ర చదివి పెడుతుంది. నీ మాట ఇంకొకరి నోటితో వినడం నాకు అలవాటే.

ఎల్లమ్మత్తకు నా దండాలు చెప్పు. ఆమె కాళ్ళు నా తరఫున మొక్కు. మరదలిని మోకాళ్ళకు నువ్వులనూనె కాచి రాసుకోమను. సరోజకూ నీ కొడుక్కీ నా దీవెనలు. ఉత్తరాల్లో చివర పెద్దల ఆశీర్వాదం కోరతారట, చైత్ర చెప్పింది. కోరడానికి ఎల్లమ్మత్త తప్ప నాకు పెద్దలు మిగలలేదు. నీకు ఇంకా నేనున్నాను. శుక్రవారం వస్తే దీవిస్తాను.

రాగిపిండి, కంబళి మరవకు. వచ్చేటప్పుడు నువ్వే తేవచ్చు.

ఇట్లు,
నీ అన్న
మునెప్ప

సరోజా, ఈ పేరు దగ్గర కాగితం మీ మామకు చూపించు. చదవలేకపోయినా సరే, వేలు పెట్టి చూపించు. అది సంతకం.